అరవై అయిదు రూపాయల పళ్ళసెట్టు

1957 జనవరి 3, గురువారం

ప్రెస్సువాళ్ళు కొత్త సంవత్సరానికి డైరీ ఇచ్చారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ ప్రెస్సులో బైండింగు చేశాను. రిటైరయినా ఏటా ఒకటి ఇస్తారు. నా భార్య చెంగమ్మ దాన్ని చాకలి లెక్కకు వాడుకునేది. ఈసారి ఇస్తే తల అడ్డంగా ఊపింది. మంచి కాగితం. రాయకపోతే దండగ. అందుకని రాస్తున్నాను.

నా చదువు ఊళ్ళో వీధిబడిలో మూడేళ్ళు. తప్పులుంటే ఉంటాయి. ఎవరూ చూడరు.

జనవరి 9, బుధవారం

పెళ్ళయి నలభై ఒక్క ఏళ్ళు. చెంగమ్మ మాట్లాడేది, నేను వినేవాణ్ణి. ఇద్దరికీ సరిపోయేది. పొద్దున పొయ్యి రాజేసేటప్పుడు మొదలుపెడితే రాత్రి చాప పరిచేదాకా. కుళాయి దగ్గర ఎవరేమన్నారు, చేపలమ్మి ఎంత చెప్పింది, కలలో వాళ్ళమ్మ ఏ చీర కట్టుకొచ్చింది, అన్నీ.

దీపావళికి ముందు పళ్ళు రెండు ఊడాయి. అంతకుముందే చాలా పోయాయి. ఇప్పుడున్నవి అయిదు. ఒకదానికొకటి ఎదురు లేదు. మాట గాలి పోతోంది. కుళాయి దగ్గర ఎవరో నవ్వారట. ఆ రోజు నుంచి నోటికి కొంగు అడ్డం. అన్నం అంటుంది. నీళ్ళు అంటుంది. అంతే. తినేది గంజి. రవిక వదులైంది.

ప్రెస్సులో మిషను ఉన్నట్టుండి ఆగితే చెవులు నొప్పి పుట్టేవి. ఇంట్లో ఇప్పుడు అట్లా ఉంది.

జనవరి 21, సోమవారం

పారీస్ కార్నర్ వెనక సందులో చైనా డాక్టరు ఒకాయన పళ్ళు కడతాడు. అద్దాల పెట్టెలో ఎర్రగుడ్డ మీద పళ్ళు పెట్టి ఉంటాయి. ఆ కొట్టు ముందు నాలుగుసార్లు అటూ ఇటూ నడిచాను. అయిదోసారి ఆయనే బయటికొచ్చాడు. నీకా, ఇంట్లోవాళ్ళకా అని అరవంలో అడిగాడు. పుట్టింది మద్రాసులోనేనట. అరవం నాకంటే బాగా మాట్లాడతాడు.

కిందా పైనా కలిపి సెట్టు అరవై అయిదు రూపాయలు. ఉన్న పళ్ళు పీకడానికి ఒక్కోటికి రెండు. మొదట పై వరుస కట్టి, కిందది తర్వాత కట్టించుకుంటే కాదా అని అడిగాను. ఒక చెయ్యి ఇప్పుడు, ఒక చెయ్యి వచ్చే ఏడాది ఇస్తే చప్పట్లు ఎట్లా కొడతావు పెద్దాయనా అని నవ్వాడు.

ఇంటికొచ్చి చెంగమ్మతో చెప్పాను. కాటికి పొయ్యే నోటికి కొత్త పళ్ళెందుకయ్యా అంది, కొంగులోనించి. ఎట్లాగైనా డబ్బు మిగల్చాలి. ఆగస్టులోగా కట్టించాలి.

కొడుకు మునిరాజు విల్లుపురంలో రైల్వే పని. నలుగురు పిల్లలు. నెలకు ఇరవై పంపుతాడు. ఇంకా అడగలేను.

ఫిబ్రవరి 4, సోమవారం

డబ్బు మిగల్చడానికి చేస్తున్నవి ఇవి. పారీస్ కార్నరుకు పోవాల్సి వస్తే మేముండే తిరువొత్తియూరు నుంచి రెండు స్టేజీలు నడిచి బస్సెక్కడం. చేపలు ఎండ ముదిరాక కొనడం, అప్పుడు చేపలమ్మి పిలిచి ఇస్తుంది. వాకిట్లో మునగచెట్టు ఉంది కదా, వారానికి మూడు రోజులు మునగాకు. సబ్బు అరిగిన ముక్కలన్నీ తడిపి గుడ్డలో కట్టి పిండితే మళ్ళీ ఒక సబ్బు అవుతుంది. కాఫీపొడి రెండోసారి కూడా మరగనివ్వడం, రెండోది నాకు. పెన్సిలు ముక్క చేతికి అందకపోతే వెదురుపుల్లలో దూర్చి రాయడం. ఇప్పుడు అట్లాగే రాస్తున్నాను. పండ్లపొడి మేము ఎప్పుడూ కొనలేదు, వేపపుల్లే. నా పళ్ళు ముప్ఫై రెండూ ఉన్నాయి. ఆమె కూడా వేపపుల్లే వాడింది. ఎందుకిట్లా అయిందో తెలీదు.

వద్దన్న మనిషి నాకంటే ఎక్కువ చేస్తోంది. దీపం వత్తి నేను తగ్గిస్తే ఆమె ఇంకా తగ్గిస్తుంది. నిన్న చూస్తే గంజిలో ఉప్పు కూడా లేదు. ఉప్పు మిగిలితే ఎంత మిగులుతుందే అన్నాను. భుజాలు ఎగరేసింది.

ఫిబ్రవరి 17, ఆదివారం

ముక్కుపొడి మానేసి పది రోజులు. తుమ్ములు మాత్రం మానలేదు.

మార్చి 12, మంగళవారం

పక్కవాటా మునియక్క వచ్చి కూర్చుంది. ఏం చెంగమ్మా, మౌనవ్రతమా, మీ ఆయన జబ్బు నీకంటుకున్నదా అంది. చెంగమ్మ నవ్వలేదు. ఏందన్నా, ఆడమనిషి ఇట్ట వాడిపోతా ఉంటే చూస్తా కూర్చుంటావా, రొంత పాలు తాపించరాదా అని నా మీదికొచ్చింది. పళ్ళ సంగతి చెప్పాలనుకున్నాను. అప్పటికి ఆమె వేరే మాటలోకి పోయింది.

నేను చెప్పడం మొదలుపెట్టేసరికి ఎప్పుడూ అంతే.

ఏప్రిల్ 1, సోమవారం

కొత్త పైసాలు వచ్చాయి. రూపాయికి నూరు. బస్సులో ఒకావిడకూ కండక్టరుకూ తగాదా. నా అణా నాకియ్యి, ఈ చేపపొలుసు నాకెందుకు అంటుంది ఆవిడ.

పచారీ కొట్టు దేవరాజులు గోడకు పట్టిక అంటించాడు. నిలబడి చదివాను. అణాకు ఆరు నయాపైసలు. రెండణాలకు పన్నెండు. మూడణాలకు పందొమ్మిది. నాలుగణాలకు ఇరవై అయిదు.

ఏప్రిల్ 3, బుధవారం

రెండు రోజులుగా ఆ పట్టికే తలలో తిరుగుతోంది. ఈరోజు తెలిసింది. నాలుగణాల పప్పు ఒకేసారి కొంటే ఇరవై అయిదు ఇవ్వాలి. పొద్దున రెండణాలకు, సాయంత్రం రెండణాలకు కొంటే పన్నెండూ పన్నెండూ ఇరవై నాలుగు. ఒక నయాపైసా మిగిలింది. మూడణాల సరుకు మాత్రం కొనకూడదు. అందులో మనకు నష్టం.

చెంగమ్మకు వేళ్ళు మడిచి చెప్పాను. రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత కొంగు కదిలింది. నవ్విందనుకుంటాను.

ఏప్రిల్ 20, శనివారం

దేవరాజులు కనిపెట్టాడు. కొట్లో అయిదారుగురు ఉన్నారు. నాయుడుగారూ, పొద్దున రెండణాల కందిపప్పు, సాయంత్రం రెండణాల కందిపప్పు, మీ ఇంట్లో పప్పుకుండకు చిల్లి పడుండాదా ఏంది అన్నాడు. అందరూ నవ్వారు. నేను నిలబడ్డాను. ఒక నయాపైసా కోసరం రెండుతూర్లు నడస్తా ఉండారే, చెప్పుల అరుగుదల ఎవురిస్తారు సామీ అన్నాడు.

చెప్పులు వేసుకోలేదు అన్నాను. నిజమే చెప్పాను. ఇంకా నవ్వారు.

ఏప్రిల్ 24, బుధవారం

పొట్లాలు విప్పుతుంటే కాగితం చేతికి బరువుగా తగిలింది. ముప్ఫై ఏళ్ళు కాగితం పట్టిన వేళ్ళు. దేవరాజులు పొట్లం కట్టే కాగితం మందం అట్టలాంటిది. పొట్లంతో సహా తూస్తాడు. అంటే రెండు పొట్లాలకు రెండు కాగితాలు. ఆ బరువుకు పప్పు తగ్గుతుంది. నయాపైసా మిగుల్చుకుని పప్పు పోగొట్టుకుంటున్నాను.

సాయంత్రం రేకు డబ్బా పట్టుకుపోయాను. ముందు ఇది తూయండి, తర్వాత పప్పు అన్నాను. దేవరాజులు నన్నూ డబ్బానూ చూశాడు. డబ్బా తూచాడు.

మే 14, మంగళవారం

పళ్ళు పీకించాం. అయిదు పళ్ళకు పది రూపాయలు. రెండు నెలలు చిగుళ్ళు మానాలన్నాడు డాక్టరు. చెంగమ్మ ఏడవలేదు. నా చొక్కా చేతిని గట్టిగా పట్టుకుంది, కుట్టు విడిపోయింది. ఆ అయిదు పళ్ళూ కొంగున కట్టి తెచ్చి మునగచెట్టు మొదట్లో పూడ్చింది.

ఇప్పుడు నోరు పూర్తిగా మూసుకుంది. ఏదైనా కావాలంటే వేలుతో చూపిస్తుంది.

జూన్ 8, శనివారం

బళ్ళు తెరిచారు. ఒక పుస్తకాల కొట్టుకు నోటుబుక్కులు కుడుతున్నాను. వంద కుడితే రూపాయింపావలా. తెల్లారి నుంచి చీకటి పడేదాకా. చెంగమ్మ పక్కన కూర్చుని సూదుల్లోకి దారం ఎక్కించి ఇస్తుంది. అట్టలు కోసిన ముక్కలతో కవర్లు కూడా అంటిస్తున్నాం. పాతికకు అణా. ఆరు నయాపైసలు.

వేళ్ళు చిట్లాయి. రాయడం కష్టం.

జులై 29, సోమవారం

కొలత ఇచ్చాం. నోట్లో మైనం పెట్టి కరవమన్నాడు. పరాయి మగవాడి ముందు నోరు తెరవనని చెంగమ్మ తల తిప్పుకుంది. డాక్టరు నాతో, చెయ్యి పట్టుకో పెద్దాయనా అన్నాడు. పట్టుకున్నాను. కొట్లో ఇంకో ఇద్దరున్నారు. అయినా పట్టుకున్నాను. తెరిచింది.

ఆగస్టు 7, బుధవారం

పళ్ళు వచ్చాయి. అరవై అయిదు రూపాయలు లెక్కపెట్టి ఇచ్చాను. నోట్లు కొన్ని, చిల్లర చాలా. డాక్టరు చాలాసేపు లెక్క చూసుకున్నాడు. చెంగమ్మ లోపల అద్దం ముందు కూర్చుంది. ఎట్లా వాడాలో నాకు చెప్పాడు.

దారంతా ఆమె కొంగు తియ్యలేదు. ఇంటికొచ్చాక, గుర్రానికి కళ్ళెం వేసినట్టుండాది అంది.

ఆగస్టు 11, ఆదివారం

మధ్యాహ్నం నెత్తళ్ళు, చిన్నచేపలు, వేయించింది. తనకూ పెట్టుకుంది. మెల్లిగా నమిలింది. ముల్లుతో సహా. కంచం ఖాళీ అయ్యాక మొదలుపెట్టింది.

దీపావళి నుంచి ఆగినవన్నీ వచ్చాయి. కుళాయి దగ్గర నవ్వింది ఎవరో ఇప్పుడు చెప్పింది, మునియక్కేనట, అయినా దాని మనసులో ఏమీ లేదు, వాయి తుడుకు, నోటి దురుసంతే అంది. నేను ముక్కుపొడి మానింది మొదటిరోజే తెలుసట. డబ్బా తలుపు వెనక పెట్టి రోజూ వాసన చూస్తావే, నాకు తెలీదనుకున్నావా అంది. మునిరాజు పెండ్లాం పండక్కి పంపిన చీర రంగు పోయింది, ఆ మాట జాబులో ఎట్లా రాయాలి అంది. దేవరాజులు నిన్ను అంతమందిలో అట్టంటే నోట్లో నాలుక లేదా, నేనుంటే ఆడే అడిగుందును, నీ కాగితం తూచి మాకు పప్పని అమ్మతా ఉండావే, అది ఏ ఊరి నాయమబ్బా అని అంది. ఆ మాట దేవరాజులుతో అన్నట్టే చెయ్యి ఊపింది.

పళ్ళు మధ్యమధ్య టకటకమన్నాయి. సర్దుకుని మళ్ళీ మొదలుపెట్టింది. పొద్దుగూకింది. నోటుబుక్కులు ఒక్కటీ కుట్టలేదు. పావలా నష్టం. పోనీ.

ఆగస్టు 25, ఆదివారం

పళ్ళకు ఇంట్లో చోటు కుదరక అవస్థ. నోట్లో పెట్టి తీసింది ఎంగిలే గదా అంటుంది. తీసినప్పుడు ఎడమచేత్తోనే తీస్తుంది. పెట్టడానికి కొత్త మూకుడు కొనింది, అది వంటింటి గడప దాటి లోపలికి రాకూడదు. పూజకు కూర్చునేటప్పుడు తీస్తుంది. నాలుక ఎంగిలి కాదా అని అడిగాను. అది దేవుడిచ్చింది, ఇవి చైనా ఆయనిచ్చినవి అంది.

సెప్టెంబరు 16, సోమవారం

రేపటి నుంచి అరవలెక్కలో పెరటాసి నెల. మా ఇళ్ళలో నెలంతా చేపా మాంసం ముట్టరు. శనివారం శనివారం అయిదు రకాల అన్నాలు వండి పెరుమాళ్ళకు ఆకులో నైవేద్యం పెడతారు, తళిగ వేయడమంటారు. అందుకని ముందురోజు ఇల్లు కడిగి, నీసు తగిలిన గిన్నెలన్నీ చింతపండుతో తోమి, కాగే నీళ్ళలో వేసి తీస్తారు. మా అమ్మా అట్లాగే చేసేది. చెంగమ్మ ఏటా చేస్తుంది.

నేను వాకిట్లో కవర్లు అంటిస్తున్నాను. లోపల గిన్నెల చప్పుడు, ఆమె మాటలు. ఉన్నట్టుండి మాటలు ఆగాయి.

పోయి చూశాను. పట్టకారుతో పళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. నెలన్నర చేపలు తిన్న పళ్ళు, ఇవి మాత్రం గిన్నెలు కావా అనుకుందట. గిన్నెలన్నీ తీశాక వాటినీ ఆ కాగే నీళ్ళలో వేసింది. పై వరుస వంకర తిరిగింది. ఎండలో పెట్టిన బైండు అట్ట లేచినట్టు.

పెట్టుకుని చూసింది. పట్టలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇది రాయాలి. డాక్టరు ఆ రోజు నాకు చెప్పాడు. చల్లనీళ్ళే వాడాలి, వేడినీళ్ళు తగలకూడదని. రెండుసార్లు చెప్పాడు. తల ఊపాను. ఇంటికొచ్చి ఆమెకు చెప్పలేదు.  ఆమె మాట్లాడుతోంది, నేను వింటున్నాను. మధ్యలో చెప్పాలని తోచలేదు.

సెప్టెంబరు 17, మంగళవారం

తప్పు తనదే అనుకుంటోంది. నేను అనుకోనిచ్చాను.

సెప్టెంబరు 22, ఆదివారం

నిన్న మొదటి శనివారం. తళిగ వేసింది. పులిహోర నాకు వడ్డించి తను గంజి తాగింది. మునియక్క వచ్చి, మళ్ళీ మౌనవ్రతమా అంది. ఈసారి చెంగమ్మ లేచి లోపలికి పోయింది.

రోజూ చెప్పాలనుకుంటున్నాను. నా నోట్లో ముప్ఫై రెండు పళ్ళున్నాయి. మాట లేదు.

సెప్టెంబరు 25, బుధవారం

రేపు డాక్టరు దగ్గరికి పోదాం అన్నాను. వద్దని చెయ్యి ఊపింది. ఇంటి ముందే బస్సెక్కుదాం అన్నాను. చెయ్యి ఆగిపోయింది. నన్ను చూసి, నా నుదురు పట్టి చూసింది. జ్వరం వచ్చిందేమోనని.

సెప్టెంబరు 26, గురువారం

పొద్దున పదిన్నరకు కొట్లో ఉన్నాం. డాక్టరు పళ్ళు తిప్పి తిప్పి చూశాడు. వేడినీళ్ళు అన్నాడు. ఎవరు వేశారు అన్నాడు. చెంగమ్మ తల వంచుకుంది. కొంగులోనించి, నేనే సామీ అని మొదలుపెట్టింది.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలీదు. మీరు నాకు చెప్పారు, వేడినీళ్ళు వద్దని, నేను ఆమెకు చెప్పలేదు, ఆమె తప్పు లేదు అన్నాను. కొట్లో ముగ్గురున్నారు. అందరి ముందూ అన్నాను. 

చెంగమ్మ తల ఎత్తింది. చెప్పినాడా అంది. తల ఊపాను. ఎప్పుడు అంది. పళ్ళిచ్చిన రోజు అన్నాను. నలభై దినాలు అంది. నలభై దినాలు నోట్లో పెట్టుకుని కూర్చున్నావా అంది. ఆ మాటతో కొంగు జారిపోయింది. పైకి లాక్కోలేదు.

పది దినాలు నేను పాపం చేసినదాని మాదిరి గంజి తాగతా ఉంటే ఎదురుగా కూర్చుని పులిహోర ఎట్ట దిగిందయ్యా గొంతులో అంది. మాట సగం గాలి. అయినా సందు చివరిదాకా వినిపించి ఉంటుంది. బెంచీ మీద కూర్చున్నాయన, పంటినొప్పికి వచ్చినాయన, బుగ్గ పట్టుకుని నవ్వాడు.

డాక్టరు తల వంచుకుని, కొత్తగా పోయాలి, ఇరవై రూపాయలవుతుంది అన్నాడు. నేను సంచిలో చెయ్యి పెట్టాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. డాక్టరు వైపు తిరిగింది. అక్కడి నుంచి మాటలన్నీ అరవంలో. ఇరవై రూపాయలా, ఈ మనిషికి చెప్తే గోడకు చెప్పినట్టేనని ముఖం చూస్తే తెలీలేదా, నేను లోపలే కూర్చుని ఉంటినే, రెండడుగులేసి నాతో చెప్పి ఉండకూడదా, మట్టికుండ అమ్మేవాడు కూడా వట్టికుండ పొయ్యి మీద పెట్టొద్దని కొనే మనిషికి చెప్తాడు, కుండకున్నపాటి మర్యాద నా నోటికి లేదా అంది. డాక్టరు ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు. లోపలి నుంచి డాక్టరు భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది. అన్నీ వింది. తర్వాత ఆమె భర్తతో వాళ్ళ భాషలో ఏదో అంది. చిన్నమాటే. కానీ ఆ గొంతు నాకు తెలుసు.

చివరికి పన్నెండు రూపాయలకు దిగాడు. పళ్ళు పెట్టుకునే డబ్బా ఒకటి ఊరికే.

బయటికొచ్చాక రెండు స్టేజీలు నడుద్దాం అంది. ఎనిమిది రూపాయలు మిగిల్చావు గదే అన్నాను. అందుకే నడుద్దాం, ఇంకా చెప్పాల్సింది శానా ఉండాది, బస్సులో అందరూ వింటారు అంది. రాయపురం దాకా నడిచాం. నోటికి అడ్డం ఏమీ లేదు. ఎండగా ఉంది. కొంగు తలమీద వేసుకుంది.

అక్టోబరు 13, ఆదివారం

పళ్ళు గురువారం వచ్చాయి. సరిగ్గా పట్టాయి. పెట్టుకుని తింటుంది. నన్ను తిట్టాలంటే మాత్రం అడ్డమని తీసి డబ్బాలో పెడుతుంది.

ఇప్పుడే డబ్బా మూత చప్పుడైంది. ఆపుతున్నాను.